బజారు బాగుపడాలె, బజారును నడిపే అక్కలూ బాగుపడాలె
(పట్టణ మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో వీధి వ్యాపారాల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాది ఈ సభలో పొదుపు ఎంత జమైంది, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, తిరిగి కట్టింది ఎంత అని లెక్కలు చెప్పుకుంటం. ఆ లెక్కలు ఈ పుస్తకంలోనే వేరే పేజీల్లో ఉన్నయి. మా ఉపసంఘానికి అప్పగించిన మాట ఇంకొకటి. ఆ అప్పు తీసుకొని మన అక్కలు కూసుండి అమ్ముకునే జాగ గురించి చెప్పమన్నరు. సంఘం అప్పు ఇచ్చింది, అక్క సరుకు తెచ్చుకుంది. తీరా గంప దించుదామంటే జాగ లేదు. అప్పుడు కిస్తు ఎట్ల కడుతది? అందుకే జాగ గురించిన మాట కూడా పొదుపు మాటే అని మేము అనుకుంటున్నం.

మన పట్టణం మారిన తీరు

సిద్దిపేట గత పదేండ్లలో మారినంతగా అంతకుముందు ముప్పై ఏండ్లలో మారలేదు. 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రమైంది. ఒకప్పుడు ముక్కు మూసుకొని దాటిపోయిన కోమటి చెరువు కట్ట మీద ఇప్పుడు సాయంత్రమైతే పిల్లాజెల్లలతో నడిచే జాగ ఉండదు. తీగల వంతెన చూడడానికి పక్క జిల్లాల నుంచి కూడా వస్తున్నరు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసుడు మన ఆడవాళ్లు నేర్చుకున్నరు, పది ఇండ్లకు నేర్పిన్రు. బుస్సాపూర్‌లో తడి చెత్త నుంచి గ్యాస్ తీస్తున్నరు. ఊరూరా స్టీల్ బ్యాంకులు పెట్టి పెండ్లిళ్లలో ప్లాస్టిక్ ప్లేట్లు బంద్ చేయించింది కూడా మహిళా సంఘాలే. కూరగాయలు, మాంసం, చేపలు ఒక్క కప్పు కింద దొరికేటట్టు సమీకృత మార్కెట్ కట్టిన్రు. తర్వాత రాష్ట్రంలోని మిగతా పట్టణాల్లో కూడా ఇట్లాంటివి కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. 2023 అక్టోబర్‌లో రైలు కూడా వచ్చింది. ఇవన్నీ సంతోషపడే మాటలే.

అయితే ఊరు పెరిగినప్పుడు పాత బజారుకు ఏమైతది అనేది కూడా చూడాలె. 2021 జూన్‌లో కలెక్టరేట్ దుద్దెడ దగ్గర కొత్త భవనాల్లోకి పోయింది. ఆఫీసులన్నీ ఒక్కచోటికి రావడం జనానికి మేలే. కానీ ఆఫీసు పని మీద పల్లె నుంచి వచ్చిన మనిషి ఒకప్పుడు పాత బస్టాండ్ దగ్గర దిగి, పని చూసుకొని, పోయేటప్పుడు కిలో టమాట, రెండు కట్టల పుంటికూర, పిల్లలకు మక్క కంకులు కొనుక్కొని పోయేది. ఇప్పుడు ఆ మనిషి బజారు ముఖం చూడకుండనే వచ్చి పోతున్నడు. కొత్త కాలనీలు, కొత్త రోడ్లు, కొత్త దుకాణాలు అన్నీ ఊరి అంచులకు పోతున్నయి. నడిబొడ్డున మిగిలేది ఇరుకు సందులు, పాత మడిగెలు, మోరీలు, ఆ మోరీల పక్కన కూసున్న మన అక్కలు.

అప్పుడు ఎవరో ఒకరు అంటరు, “ఈ బజారును బాగు చేద్దాం” అని. చెయ్యాలె, మేము వద్దనం. మోరీ వాసన, ఎండ, వాన అన్నిటినీ అందరికంటే ఎక్కువ పడేది మనమే. బాగు చేసిన తర్వాత అండ్ల మనం ఉంటమా, ఉండమా? మా మాటంతా ఆ ఒక్క ప్రశ్న మీదనే.

విశాఖ పాతబస్తీ చెప్పే ముచ్చట

ఇది మన ఒక్క ఊరి ముచ్చట కాదు. సముద్రం ఒడ్డున ఉన్న విశాఖపట్నం చూడండి. ఇప్పుడు విశాఖ అంటే అందరికీ బీచ్ రోడ్డు గుర్తుకొస్తది. కానీ అసలు పట్నం పుట్టింది వన్‌టౌన్ అనే పాతబస్తీలో. పాత పోస్టాఫీసు, టౌన్‌హాలు, కురుపాం మార్కెట్, మూడు మతాల గుళ్లున్న మూడు కొండలు అన్నీ అక్కడే ఉన్నయి. 1933లో ఓడరేవు మొదలైంది. రేవు వచ్చినంక పట్నం పెరిగింది, పాతబస్తీ మాత్రం తగ్గుతూ వచ్చింది. కలిగినవాళ్లు వాల్తేరు మెరక మీదికి పోయిన్రు. పెద్ద వ్యాపారాలు జగదాంబ వైపు, ద్వారకానగర్ వైపు జరిగినయి. రేవులో దింపే బొగ్గు దుమ్ము మాత్రం పాతబస్తీ ఇండ్ల మీద పడుతనే ఉంది. చేపలమ్మే ఆడవాళ్లు, కూలీలు, చిల్లర వ్యాపారులు అక్కడే మిగిలిన్రు.

2016 జనవరిలో కేంద్రం ప్రకటించిన మొదటి 20 స్మార్ట్ సిటీల్లో విశాఖ ఉంది. ముందుగా అభివృద్ధి చెయ్యడానికి ఎంచుకున్న జాగ బీచ్ రోడ్డు చుట్టుపక్కల ప్రాంతం. అది తప్పని మేము అనడం లేదు. కానీ ఒక సంగతి గమనించాలె. ఎక్కడైనా సరే, బయటి నుంచి వచ్చినోళ్లు చూసే ఒడ్డు ముందు మెరుస్తది. ఊరివాళ్లు బతికే సందు తర్వాత యాదికొస్తది. మన కోమటి చెరువు కట్టకూ, మన పాత బజారుకూ కూడా ఇదే వర్తిస్తది.

డర్బన్‌లో ఏం జరిగింది

ఇంకా దూరం పోదాం. దక్షిణాఫ్రికాలో డర్బన్ అని ఒక రేవు పట్నం ఉంది. మన తెలుగువాళ్లకు ఆ ఊరితోటి పాత సంబంధం ఉంది. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ మొదటిసారి కూలీలను అక్కడికి తీసుకపోయింది. ఆ తర్వాత యాభై ఏండ్లు ఓడలు పోతనే ఉన్నయి. చెరుకు తోటల్లో పనికి ఒప్పందం మీద పోయిన ఆ జనంలో తెలుగు జిల్లాలవాళ్లు వేల మంది ఉన్నరు. 1931లోనే వాళ్లు అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నరు. ఒప్పందం తీరినవాళ్లు కొందరు కౌలుకు భూమి తీసుకొని కూరగాయలు పండించిన్రు. తెల్లారకముందే గంపలు మోసుకొచ్చి పట్నంలో అమ్మిన్రు. అట్ల పుట్టిన అంగడికి 1910లో ఒక జాగ వచ్చింది. దాని పేరే ‘ఎర్లీ మార్నింగ్ మార్కెట్’, అంటే తెల్లవారుజాము అంగడి.

ఆ అంగడి ఉన్న జాగను వార్విక్ జంక్షన్ అంటరు. రైళ్లు, బస్సులు, వ్యాన్లు అన్నీ అక్కడే ఆగుతయి. రోజుకు 4 లక్షల పైచిలుకు మంది దాటే జాగ. నల్లజాతివాళ్లకు వీధి వ్యాపారం చెయ్యనియ్యని చట్టాలు ఉన్నన్ని రోజులు పోలీసుల తరుముడు తప్పలేదు. ఆ పాలన పోయినంక వేల మంది వచ్చి కూసున్నరు. నీళ్లు లేవు, మరుగుదొడ్లు లేవు, దొంగతనాలు ఎక్కువ. “ఊళ్లోకెల్లా చెడ్డ జాగ” అని పేరు పడ్డది.

1990ల మధ్యలో అక్కడి నగరపాలకులు ఒక పని చేసిన్రు. అందరినీ ఎత్తేసి కొత్త భవనం కడుదాం అనలేదు. అధికారులు ఆ జంక్షన్‌లోనే ఆఫీసు పెట్టుకొని, అమ్ముకునేవాళ్లతో కూసొని మాట్లాడిన్రు. ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్క అవసరం ఉంటదని తెలుసుకున్నరు. నాటు వైద్యానికి వాడే వేర్లు, బెరళ్లు అమ్మే ఆడవాళ్లకు, వాడకుండా వదిలేసిన ఒక ఫ్లైఓవర్ మీద అంగడి కట్టి ఇచ్చిన్రు. డ్రమ్ముల్లో మక్క కంకులు ఉడకబెట్టి అమ్మేవాళ్లకు మంట పెట్టుకునే జాగ చూపిన్రు. అట్టముక్కలు ఏరుకునే ఆడవాళ్లను తూకంలో దళారులు ముంచుతున్నరని తెలిసి, సరైన కాంటాతో కొనే కేంద్రం పెట్టిన్రు. రాత్రిపూట సరుకు దాచుకునే గదులు ఏర్పాటు చేసిన్రు. దొంగతనాలు ఆపడానికి వ్యాపారులే ఒక సంఘంగా కాపలా పెట్టుకున్నరు. చెడ్డ జాగ అన్న చోటికి ప్రపంచం నలుమూలల నుంచి నగర ప్రణాళికలు గీసేవాళ్లు వచ్చి చూసి పోయిన్రు.

కథ అక్కడ అయిపోలేదు. 2009లో, ఫుట్‌బాల్ ప్రపంచ కప్ రాబోతుందనగా, అదే నగరపాలక సంస్థ ఆ తెల్లవారుజాము అంగడిని కూలగొట్టి మాల్ కట్టాలని నిర్ణయించింది. వందేండ్ల అంగడి. తాతల నాటి గద్దెలు. వ్యాపారులు, వాళ్లకు తోడుగా ‘అసియే ఎటఫులేని’ అనే స్వచ్ఛంద సంస్థ, లాయర్లు కలిసి నిలబడ్డరు. రోడ్డు మీదా నిలబడ్డరు, కోర్టులోనూ నిలబడ్డరు. చివరికి మాల్ రాలేదు, అంగడి మిగిలింది.

దీంట్ల రెండు పాఠాలు ఉన్నయి. మొదటిది, అమ్ముకునేవాళ్లను ఉంచుకొనే ఊరిని బాగు చెయ్యొచ్చు, అది జరిగే పనే. రెండవది, ఒక మంచి అధికారి చేసిన మంచి పని ఆ అధికారి ఉన్నన్ని రోజులే ఉండొచ్చు. దాన్ని నిలిపేది సంఘమే.

నాలుగో వంతు గిరాకి లెక్క

“కొత్త మార్కెట్‌లో జాగ ఇస్తమంటే ఎందుకు భయపడుతున్నరు?” అని మమ్మల్ని చాలామంది అడుగుతరు. ఒక లెక్క చెప్తం. లెక్క కోసం చెప్పేదే, మీ మీ అంకెలు మీరు వేసుకోండి.

ఒక అక్క పొద్దున 1,500 రూపాయల ఆకుకూరలు తెస్తది. అన్నీ అమ్ముడుపోతే 2,000 వస్తయి. మిగిలేది 500. ఇప్పుడు ఆమెను బజారు ముందు నుంచి వెనుక సందులోకి, లేదా మెట్లెక్కి పోవలసిన చోటికి పంపిన్రనుకుందాం. గిరాకి నాలుగో వంతు తగ్గింది. వచ్చేది 1,500. మిగిలిన కూర సాయంత్రానికి వాడిపాయె. పెట్టుబడి 1,500, వచ్చింది 1,500. గిరాకి పోయింది నాలుగో వంతే, ఆమె కూలి మాత్రం మొత్తం పోయింది. ఆటో కిరాయి చేతి నుంచి పడ్డది.

చీరెలు అమ్మే దుకాణానికి ఈ బాధ లేదు. ఇవ్వాళ అమ్ముడుపోని చీరె రేపు పోతది. ఆకుకూరకు, పూలకు, చేపలకు రేపు అనేది లేదు. అందుకే ఎవరిని ఏ చోట కూసోబెట్టాలె అనేది కాగితం మీద గీసే గళ్ల లెక్క కాదు. సరుకు తెలిసినోళ్లు చెప్పాలె.

మన సభ్యుల అనుభవాలు కూడా విన్నం. ఒకచోట కట్టిన గద్దెలు నడుము ఎత్తున ఉన్నయి, కింద కూసుండి అమ్మడం అలవాటున్న పెద్దవాళ్లు రోజంతా నిలబడలేక మళ్లీ రోడ్డు మీదికే వచ్చిన్రు. “జాగ ఇచ్చినా మళ్లీ రోడ్డు మీదనేనా?” అని వాళ్లనే తిట్టిన్రు. ఇంకొకచోట మరుగుదొడ్డి ఉంది, తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెల్వదు. పొద్దున నాలుగు గంటలకు ఇల్లు వదిలిన ఆడమనిషి మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా ఉంటది. మూత్రంలో మంట, కిడ్నీ నొప్పి అంటూ మన సంఘంలో అప్పు తీసుకునే కారణాల వెనుక ఈ తాళం కూడా ఉంది.

చట్టం మనకిచ్చినవి

2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దీన్ని ప్రతి సంఘం సమావేశంలో ఒక్కసారైనా చదివించాలె. అహ్మదాబాద్‌లో ఇలాబెన్ భట్ 1972లో పెట్టిన సేవా సంఘం మాణిక్ చౌక్‌లో కూరగాయలమ్మే ఆడవాళ్ల కోసం సుప్రీంకోర్టు దాకా పోయింది. అట్లాంటి పోరాటాలు ఎన్నో జరిగితే గాని ఈ చట్టం రాలేదు. ముఖ్యమైన సంగతులు ఇవి.

ఒకటి. పట్టణంలో వీధి వ్యాపారులందరినీ సర్వే చెయ్యాలె. ఆ సర్వే అయిపోయి, ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ వెళ్లగొట్టొద్దు. కనీసం ఐదేండ్లకు ఒకసారి మళ్లీ సర్వే చెయ్యాలె.

రెండు. పట్టణ విక్రయ కమిటీ ఉండాలె. దాంట్లో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు తమలో నుంచి ఎన్నుకున్నవాళ్లు ఉండాలె. ఆ ఎన్నికైనవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలె.

మూడు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలె.

నాలుగు. సరుకు పట్టుకపోతే ఏమేం పట్టుకపోయిన్రో రాసి, జాబితా చేతికివ్వాలె. జరిమానా కట్టి అడిగితే, పాడైపోయే సరుకును అదే రోజు, పాడుకాని సరుకును రెండు పని దినాల్లో తిరిగి ఇవ్వాలె.

ఐదు. యాభై ఏండ్లకు పైగా నడుస్తున్న సహజ అంగళ్లను వారసత్వ అంగళ్లుగా ప్రకటించాలని, అక్కడివాళ్లను కదిలించొద్దని కూడా చట్టం రెండో షెడ్యూల్‌లో ఉంది. లాల్ కమాన్ చుట్టుపక్కల గంపలు దించిన మన అమ్మమ్మలు, నాయనమ్మల ముచ్చట్లు రాసిపెట్టుకోవాలని మేము అనేది ఇందుకే. ఎవరు ఎప్పటి నుంచి ఎక్కడ కూసున్నరో పాత రసీదులు, తైబజారు చీటీలు, ఫోటోలు ఏమున్నా భద్రం చెయ్యండి. రేపు అవే సాక్ష్యం.

మేము అడుగుతున్నవి

పట్టణంలో పాత బజారును గాని, ఏ మార్కెట్‌ను గాని బాగు చేసేటప్పుడు పురపాలక సంఘాన్ని మన సమాఖ్య తరఫున ఇవి కోరుదాం.

మొదలు, గీసిన నక్షా మన వార్డు సమావేశంలో తెలుగులో వివరించాలె. టెండర్ అయినంక చూపిస్తే లాభం లేదు. పని జరిగే రోజుల్లో ఎక్కడ అమ్ముకోవాలె అనేది కూడా అదే రోజు చెప్పాలె. ఆరు నెలలు అనుకున్న పని రెండేండ్లు అయితే, ఆ రెండేండ్లలో గిరాకి వేరేచోటికి అలవాటు పడుతది, మళ్లీ రాదు.

రెండు, కింద కూసుండి అమ్మేవాళ్లకు తక్కువ ఎత్తు గద్దెలు, పైన నీడ, పక్కన నీళ్లు, రాత్రి సరుకు పెట్టుకునే గది, తెరిచి ఉండే మరుగుదొడ్డి, చంటిపిల్లల తల్లులకు ఒక మూల కావాలె. ఇవి గోడల మీద వేసే బొమ్మల కంటే ముందు రావాలె.

మూడు, ఆకుకూర, పూలు, చేప వంటి ఒక్క పూట సరుకుకు దారి ముందు జాగలు ఇవ్వాలె. నిలువ ఉండే సరుకును వెనుకకు పెట్టినా నష్టం తక్కువ.

నాలుగు, మడిగెలు, గద్దెలు కేటాయించేటప్పుడు వేలం పాటొక్కటే పద్ధతి అయితే డబ్బున్నోళ్లే పాడుకుంటరు. ముందు నుంచి కూసున్నవాళ్లకు, ఒంటరి మహిళలకు, దివ్యాంగులకు కొన్ని జాగలు తప్పకుండా ఉంచాలె.

ఐదు, మార్కెట్ మరుగుదొడ్ల నిర్వహణ, పార్కింగ్ వసూలు, చెత్త వేరు చేసే పని మహిళా సంఘాలకు ఇవ్వాలె. తడి చెత్త వేరు చేసుడు ఊరికి నేర్పిన మనకు ఇది కొత్త పని కాదు.

ఆరు, చెరువు కట్ట మీద, రైల్వే స్టేషన్ దగ్గర జనం పెరుగుతున్నరు. అక్కడ సంఘాల దుకాణాలకు జాగ ఉండాలె. మన సిద్దిపేట గొల్లభామ చీరెకు భౌగోళిక గుర్తింపు ఉంది. రైలు దిగిన మనిషికి ఆ చీరె కనబడకపోతే ఆ గుర్తింపుతో నేతన్నకు ఏం లాభం?

మనం చెయ్యవలసినవి

అడగడంతో పని అయిపోదు. మన చేతుల్లో ఉన్నవి కూడా ఉన్నయి.

ఈ సభ అయిన మూడు నెలల్లో ప్రతి వార్డు సమాఖ్య తన పరిధిలో అమ్ముకునే సభ్యుల పట్టిక రాయాలె. పేరు, సరుకు, కూసునే చోటు, ఎన్నేండ్ల నుంచి, గుర్తింపు కార్డు ఉందా లేదా, ఈ ఐదు గళ్లు చాలు. సర్కారు సర్వేలో పొద్దున నాలుగు నుంచి ఏడు దాకా అమ్మిపోయే అక్క పేరు రాకుండా పోతది, ఎందుకంటే సర్వే చేసేవాళ్లు పది గంటలకు వస్తరు. మన పట్టికలో ఆమె ఉండాలె.

రెండవది అప్పు. పొద్దున 900 చేతిలో పెట్టి సాయంత్రం 1,000 తీసుకునే వడ్డీవాళ్లు ఇంకా బజారులో తిరుగుతున్నరు. రోజుకు 100 అంటే 300 రోజులకు 30,000. అంత కట్టినా అసలు 900 ఆమెది కాదు. సంఘంలో అంతర్గత అప్పు ఉంది. 2020 జూన్ నుంచి పీఎం స్వనిధి ఉంది. దాన్ని 2030 మార్చి దాకా పొడిగించిన్రు, మొదటి విడత ఇప్పుడు 15,000, తర్వాత 25,000, ఆ తర్వాత 50,000. సకాలంలో కడితే వడ్డీలో 7 శాతం రాయితీ వస్తది. ఆర్పీలు ప్రతి గద్దె దగ్గరికి పోయి ఈ మాట చెప్పాలె.

మూడవది, మన క్రమశిక్షణ. దారికి అడ్డంగా గంప జరపొద్దు. చెత్త మోరీలో వెయ్యొద్దు. ఒక్కరు గీత దాటితే “వీళ్లు ఇంతే” అనే మాట అందరికీ తగులుతది. డర్బన్‌లో కాపలా పెట్టుకున్నట్టు మన గీతను మనమే కాపాడుకుందాం.

నాలుగవది, పట్టణ విక్రయ కమిటీకి ఎన్నిక జరిగినప్పుడు ఆడవాళ్ల పేర్లు ఊరికే రాసి, సమావేశానికి భర్తను పంపొద్దు. పోయే అక్కతో పాటు ఇంకో అక్క తోడు పోవాలె. ఏం మాట్లాడాలో ముందు రోజు సంఘంలో కూసొని రాసుకోవాలె. వచ్చినంక ఏం జరిగిందో సంఘం తీర్మానాల పుస్తకంలో ఎక్కించాలె.

అక్కలారా, ఊరు అందంగా కావాలని అందరికంటే ఎక్కువ కోరుకునేది పొద్దుగాల నాలుగు గంటలకు ఆ ఊరి వీధిని మొదట చూసే మనిషే. ఆ వీధి ఊడ్చే అక్క, ఆ వీధిలో గంప దించే అక్క మన సంఘాల్లోనే ఉన్నరు. ఊరి నక్షాలో చెట్లు గీస్తరు, దీపాల స్తంభాలు గీస్తరు, బెంచీలు గీస్తరు. మన గంపను కూడా గియ్యమని అడుగుదాం. ఇప్పుడు చదివిన ఆరు కోరికలను, నాలుగు పనులను తీర్మానంగా ఆమోదించాలని సభను కోరుతున్నం. వచ్చే ఏడాది ఇదే సభలో ఎన్ని జరిగినయి, ఎన్ని జరగలేదు అని ఒక్కొక్కటి చదివి లెక్క అప్పజెప్తం.